ఏడొందలకి ఒక్క పాయింటు తక్కువ

పాత కారుని పందెంలో ఎట్టా గెలిపించాలో తెలిసిన పిలకాయలు నెల్లూరులో ఇప్పుడు వీధికి ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళలో చాలామందికి డ్రైవింగ్ లైసెన్సు లేదు. ఉన్నవాడు కూడా కారు రివర్స్ చేయాలంటే వాళ్ళ నాన్నని కిందికి దిగి వెనక నిలబడమంటాడు. అయినా సరే, 1965 నాటి మినీ కూపర్ ఎస్‌కి వెనక యాంటీ రోల్ బార్, అంటే మలుపులో బండి ఒక పక్కకి వాలకుండా పట్టి ఉంచే కడ్డీ, ఎంత గట్టిగా ఉండాలో అడగండి, దశాంశంతో సహా చెప్తారు. ఇంత విజ్ఞానం ఒక జిల్లాలో ఊరికే పోగుపడి ఉంటే ఏ అధికారీ పట్టించుకోకపోవడం, ఏ నాయకుడూ ఒక్క శంకుస్థాపన కూడా చేయకపోవడం నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

తెలియని పెద్దల కోసం నాలుగు ముక్కలు. ఫోర్జా హొరైజన్ 5 అని 2021లో వచ్చిన కారు పందేల కంప్యూటర్ ఆట ఒకటుంది. మెక్సికోలో జరుగుతుంది, వందల కార్లుంటాయి. ప్రతి కారుకీ పీఐ అని ఒక అంకె ఉంటుంది. ఇంజన్ బలం, బరువు, టైర్ల పట్టు, బ్రేకులు అన్నీ చూసి ఆటే లెక్కగట్టి ఇస్తుంది. 500 దాకా డి క్లాసు, 600 దాకా సి, 700 దాకా బి, 800 దాకా ఏ, 900 దాకా ఎస్1, 998 దాకా ఎస్2, ఇక మిగిలిన 999కి ఎక్స్. ఒంగోలు వైపు బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకి ఇదేం కొత్త కాదు. రెండు పళ్ళ గిత్తలు వేరు, నాలుగు పళ్ళవి వేరు, ఆరు పళ్ళవి వేరు, జూనియర్లు, సీనియర్లు వేరు. కాకపోతే గిత్త నోరు తెరిచి చూస్తే పళ్ళెన్నో ఎవరికైనా తెలిసిపోతుంది, నాలుగు పళ్ళలో రెండు పీకి కింది విభాగంలో దించుదామని ఏ రైతూ అనుకోడు. ఆటలో రోజంతా జరిగే పని మాత్రం అదే, కారు సామాను మార్చి అంకెని కావాల్సిన క్లాసులో ఇరికించడం. దాన్నే ట్యూనింగ్ అంటారు.

పాత కారు మీద ఇంత ప్రేమ ఎందుకో మా మేనల్లుడిని అడిగాను. "పాత బండ్లకి ప్రాణం ఉంటుంది మామా, కొత్తవన్నీ కంప్యూటర్లు" అన్నాడు. ఈ మాట కంప్యూటర్ ముందు కూర్చుని అన్నాడని నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

అసలు సంగతి ప్రాణంలో లేదు, లెక్కలో ఉంది. కొత్త స్పోర్ట్స్ కారు షోరూం నుంచి దిగేసరికే బి క్లాసు గీత దాటేసి ఉంటుంది, దానికి ఇంకేం చేస్తాం. అదే మినీనో 1963 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారో అయితే డి క్లాసు అడుగున పడుంటుంది. ఆ అడుగు నుంచి 700 దాకా ఉన్న ఖాళీ అంతా మనదే, మనకి కావాల్సినవి కొని నింపుకోవచ్చు. పైగా పాత కారు తేలిక. మినీ మొత్తం ఏడొందల కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. ఎందుకంటే అందులో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏసీ లేదు, పవర్ విండోలు లేవు, తలుపుల్లో ఇనుప బీములు లేవు. బరువు తక్కువైతే బ్రేకు ఆలస్యంగా వేయొచ్చు, మలుపులో వేగం నిలబడుతుంది. అంటే మనిషి ప్రాణం కాపాడే సామానేదీ లేకపోవడమే ఆ కారుకి పెద్ద బలం. ఈ వాక్యం రవాణా శాఖవాళ్ళ కంట పడకపోతే మేలు.

ఇప్పుడు ప్రాణమున్న బండిని మనవాళ్ళు ఏం చేస్తారో చూడండి. ముందు ఇంజన్ పీకేస్తారు, ఇంకెక్కడిదో రేసింగ్ ఇంజన్ దించుతారు. దాని బలానికి పాత గేరుబాక్సు ఆగదని అదీ పీకేస్తారు. ముందు చక్రాలు మాత్రమే లాగితే పందెం మొదట్లో టైర్లు ఊరికే తిరుగుతాయని నాలుగు చక్రాలూ లాగేట్టు మార్చేస్తారు. బ్రేకులు కొత్తవి, స్ప్రింగులు కొత్తవి, టైర్లు కొత్తవి, క్లచ్ కొత్తది. వెనక ఒక రెక్క బిగిస్తారు, అది ఆ కారుకి ఏ కోణంలో చూసినా నప్పదు. చివరికి 1965 నుంచి మిగిలేది పైన రేకు, ఆ రేకు మీద పేరు. దీనికి "హెరిటేజ్ బిల్డ్" అని పేరు పెట్టి, మిగతావాళ్ళు దించుకోవడానికి తొమ్మిదంకెల షేర్ కోడ్ ఇచ్చి, దించుకున్నవాడికి లోపల ఏం అంకెలు పెట్టారో కనబడకుండా తాళం వేస్తారు.

అసలు మినీకి ఉన్న చరిత్ర ఏందంటే, ఆ ముందు చక్రాలతోనే, ఆ చిన్న ఇంజన్‌తోనే 1964లో మాంటీ కార్లో ర్యాలీ గెలిచింది, 1965లో గెలిచింది, 1967లో గెలిచింది. 1966లో కూడా ముందే వచ్చింది గానీ హెడ్‌లైట్లు నిబంధనల ప్రకారం లేవని పోటీ నుంచి తీసేశారు. పెద్ద పెద్ద కార్లని మంచులో ఓడించిన బండిని బల్బు దగ్గర ఆపారన్నమాట. అతిపెద్ద కార్యాలయాల్లో ఫైలు ఎట్టా కదులుతుందో తెలిసిన మనలాంటివాళ్ళకి ఇందులో ఆశ్చర్యం లేదు. ఆ ముందు చక్రాల లాగుడినే మనవాళ్ళు మొదటి పది నిమిషాల్లో తీసేస్తున్నారు.

అయితే వాళ్ళ పక్షాన ఒక మాట చెప్పాలి. మన దగ్గర ఎక్కువమంది ఆడేది కీబోర్డు మీద. స్టీరింగు, పెడల్స్ కొనాలంటే ఇంట్లో పెద్ద సమావేశమే జరగాలి. కీబోర్డు మీటకి సగం నొక్కడం అనేది తెలియదు, యాక్సిలరేటర్ ఇస్తే మొత్తం ఇస్తుంది, లేకపోతే అసలు ఇవ్వదు. వెనక చక్రాల కారుకి పెద్ద ఇంజన్ పెట్టి మీట నొక్కితే అది బొంగరమైపోతుంది. అందుకే నాలుగు చక్రాల లాగుడు. సౌందర్యం కంటే సర్దుబాటు ముఖ్యమని మనకి చిన్నప్పుడే నేర్పారు కదా.

ఇక అంకె దగ్గరికొద్దాం, ఎందుకంటే అసలు ఉపాసన అంతా అక్కడే. బి క్లాసు పైహద్దు 700. కారు 699 దగ్గర ఆగిందనుకోండి, ఆ ఇంట్లో ఆ పూట అన్నం చల్లారిపోవాల్సిందే. ఆ ఒక్క పాయింటు వదిలేసి పందేనికి పోవడమంటే వీళ్ళ దృష్టిలో సగం జీతానికి సంతకం పెట్టడం. ఎగ్జాస్ట్ మారిస్తే 703 అవుతుంది. పాతది పెడితే మళ్ళీ 699. అప్పుడు చక్రాల రిమ్ములు మార్చడం మొదలు. ఒక్కో డిజైను ఒక్కో బరువు, బరువు మారితే అంకె మారుతుంది. గంటసేపు రిమ్ములన్నీ తిప్పి తిప్పి, ప్రపంచంలో ఇంతకంటే వికారమైనది లేదనిపించే ఒక రిమ్ము దగ్గర సరిగ్గా 700 వస్తుంది. వీళ్ళ ఆనందం చూడాలి. పదో తరగతిలో లెక్కల పేపర్ ఇచ్చిన రోజు కూడా ఆ మొహాలు అట్టా వెలగలేదు.

లెక్కలంటే గుర్తొచ్చింది, యాంటీ రోల్ బార్‌కి ఒక సూత్రం ఉంది. ఆటలో అది 1 నుంచి 65 దాకా ఉంటుంది. ముందువైపు కారు బరువు 60 శాతం పడుతుంటే, 64ని 0.60తో గుణించి 1 కలపాలి, 39.4 వస్తుంది, అది ముందుకి. వెనకకి 0.40తో గుణించి 1 కలిపితే 26.6. ఇది మొదలు మాత్రమే, తర్వాత మలుపులో ముక్కు తిరగకపోతే ముందుది కొంచెం మెత్తబరచాలి, తోక జారుతుంటే వెనకది మెత్తబరచాలి. ఇదంతా నాకు చెప్పినవాడు ఇంటర్లో ఫిజిక్స్ సప్లిమెంటరీ రాశాడు. తప్పు ఎవరిదో నేను చెప్పను గానీ, పాఠంలో బండి బదులు "ఒక వస్తువు" అని రాసినవాళ్ళు కొంచెం ఆలోచించుకోవాలి.

టైర్ల గాలి సంగతి ఇంకా లోతైనది. ఆటలో 15 నుంచి 55 పీఎస్ఐ దాకా పెట్టుకోవచ్చు. మనవాడు 27.5 పెట్టి ఒక రౌండు కొడతాడు, టైరు వేడెక్కాక ఎంతకి చేరిందో తెర మీద చూస్తాడు, బావుండలేదని 28 పెట్టి ఇంకో రౌండు కొడతాడు, రెండు సమయాలూ నోటుబుక్కులో రాసుకుంటాడు. "గాలి ఎక్కువ పెట్టబాకన్నా, వెనక జారుతుంది" అని ఫోనులో స్నేహితుడిని హెచ్చరిస్తాడు. అదే సమయంలో వాళ్ళమ్మ సగం గాలి దిగిపోయిన స్కూటీ మీద మినీ బైపాస్ నుంచి కూరగాయల సంచీతో వస్తూ ఉంటుంది. బంకులో గాలి ఊరికే కొడతారు, దారిలోనే ఉంది, అయినా ఆ స్కూటీకి పీఐ లేదు కాబట్టి అది ఎవరి శాఖ కిందకీ రాదు. బయట మే నెల ఎండకి ఆ టైర్లో మిగిలిన గాలి వేడెక్కి రెండు పాయింట్లు పెరిగితే పెరగాలి, అదే మా ఇళ్ళలో మెయింటెనెన్స్.

గ్రాన్ టురిస్మో 7 ఆడేవాళ్ళు ఇంకో తెగ. అది 2022లో వచ్చింది. వాళ్ళ అంకె పేరు పీపీ. ఆ ఆటలో సెకండ్‌హ్యాండ్ కార్ల కొట్టు ఉంటుంది, కొన్న కారుకి ఆయిలు కూడా మార్చాలి. మీరు నమ్మరు గానీ, ఆయిలు మారిస్తే ఇంజన్ బలం పెరిగి, పీపీ పెరిగి, ఒక్కోసారి హద్దు దాటి ఆ పందేనికి పనికిరాకుండా పోతుంది. అంటే బండిని శుభ్రంగా చూసుకున్నవాడికి శిక్ష. ఇంకా విచిత్రం బరువు విషయంలో. ముందు డబ్బు పెట్టి కారు బరువు తగ్గిస్తారు, సీట్లు, లోపలి సామాను అన్నీ తీసేయిస్తారు. తర్వాత బ్యాలన్స్ కుదరలేదని మళ్ళీ డబ్బు పెట్టి బ్యాలస్ట్, అంటే ఉత్త బరువు, కొని, అది ముందు ఉండాలా వెనక ఉండాలా అని మీట జరుపుతూ కూర్చుంటారు. పొదలకూరు రోడ్డులో షేర్ ఆటో నడిపే మనిషి ఈ పని రోజూ చేస్తాడు. "సార్, మీరు ఇటు జరగండి, అమ్మా, మీరు ఆ సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకోండి" అని రెండు మాటల్లో బండి బరువు సర్దేస్తాడు. ఆయన్ని ఎవరూ ట్యూనర్ అనరు, చలానా మాత్రం రాస్తారు.

ఇక్కడే చట్టం గురించి గట్టిగా మాట్లాడాలి. బయటి లోకంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకీ, బండిలో ఉన్నదానికీ తేడా రాకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. ఇంజన్ మార్చాలంటే అనుమతి, ఆర్సీలో నమోదు, ఇంకా బోలెడు. సొంత కారుకి పదిహేనేళ్ళు నిండితే ఆర్సీ రెన్యువల్, తర్వాత ఐదేళ్ళకోసారి మళ్ళీ అదే తిరుగుడు. ఆటలో చూడబోతే అరవై ఏళ్ళ కారు మూడింతల ఇంజన్‌తో మెక్సికో పల్లెల్లో గోడలు పగలగొట్టుకుంటూ పోతుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ అడిగే నాథుడు లేడు. కాబట్టి నా మొదటి విన్నపం, వయసు లెక్క ఎత్తేసి పీఐ లెక్క పెట్టండి. బండి ఎన్నేళ్ళదైనా సరే 500 లోపు ఉంటే ఊళ్ళో తిరగనివ్వాలి. ట్రంకు రోడ్డు మీద సాయంత్రం ఆరు గంటలకి డి క్లాసు దాటి పోగల బండి ఏదన్నా ఉంటే చూపించండి, నేను ఒప్పుకుంటాను.

పాత కార్లని పందేలకి తయారు చేయడం మనకి తెలియని విద్యేం కాదు. సూళ్ళూరుపేట, తడ దాటి మద్రాసు హైవే మీద ఇంకాస్త పోతే షోళవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద అక్కడ ఏళ్ళ తరబడి కారు రేసులు జరిగాయి, మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నడిపింది. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాకు వచ్చేదాకా అదే గతి. ఫియట్లు, హెరాల్డులు, ఇళ్ళ ముందు నిలబెట్టే కార్లే అక్కడ పరుగెత్తేవి. సీట్లు పీకి, ఇంజన్ హెడ్ చెక్కించి, కంప్రెషన్ పెంచి, కార్బరేటర్లు మార్చి దించేవాళ్ళు. తప్పు జరిగితే వెనక్కి తిప్పే రివైండ్ మీట లేదు, పిస్టన్ పోతే పోయినట్టే. ఆ మనుషులు ఒక పొరపాటుకి నెల జీతం కట్టేవాళ్ళు. మనవాళ్ళు పొరపాటు చేస్తే రివైండ్ నొక్కి, ఆట ఫిజిక్స్ సరిగా లేదని తిడతారు.

ఇక అసలు అన్యాయానికొస్తాను. ఇన్ని వందల కార్లున్న ఫోర్జాలో 49 సీసీ ఇంజన్‌తో, రివర్స్ గేరు కూడా లేకుండా తయారైన పీల్ పీ50 అనే మూడు చక్రాల బ్రిటిష్ డబ్బాకి చోటుంది, మన అంబాసిడర్‌కి లేదు. అది పేరు మార్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారే కదా, ఇంగ్లండుది కదా అని వంకలు పెట్టేవాళ్ళకి నా జవాబు సిద్ధంగా ఉంది. మన ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ పోయి అక్కడ నెలోర్ అనే పేరుతో దేశమంతా నిండిపోయాయి, వాటిని బ్రెజిలువాళ్ళు మావే అంటున్నారు, మనం కాదన్నామా? ఆ లెక్కన 2014 దాకా మన దగ్గర తయారైన కారు మనదే.

పైగా ట్యూనింగుకి ఇంతకంటే యోగ్యమైన బండి లేదు. 1489 సీసీ పాత ఇంజన్‌తో మొదలుపెడితే అది డి క్లాసు పునాదుల కింద ఎక్కడో ఉంటుంది, కాబట్టి నింపుకోవడానికి ఖాళీయే ఖాళీ. ఆటవాళ్ళకి శ్రమ లేకుండా బిల్డు కూడా నేనే రాసి పంపిస్తున్నాను. ఇంజన్ మార్చొద్దు, ఆటోనగర్ మేస్త్రీ ఒకసారి బోరు చేస్తే చాలు. వెనక కమాను పట్టీలకి ఒక పట్టీ అదనం. ముందు సీట్లో డ్రైవరుతో కలిపి ముగ్గురు, వెనక నలుగురు, ఒళ్ళో కూర్చున్న పిల్లలు లెక్కలోకి రారు. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటుంది కాబట్టి మధ్యలో కూర్చున్నాయన మోకాళ్ళకి ఇబ్బంది లేదు. వెనక టైర్లకి పట్టు చాలకపోతే డిక్కీలో రెండు బస్తాల మొలగొలుకుల బియ్యం వేసి, ఇంకా చాలకపోతే మూడో బస్తా కూడా వేసి చూడాలి. బ్రేకు విషయంలో ఆటగాడు ముందుగానే నిర్ణయం తీసుకోవాలి, వీలైతే ముందు ఊళ్ళోనే. ఇంత చేశాక కూడా 699 వస్తే పైన క్యారియర్ బిగించండి.