ఉచిత కాన్పుకు ఎంతయింది?

సర్కారు దవాఖానలో కాన్పు ఉచితం. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా పథకం లెక్కన నార్మల్ అయినా, ఆపరేషన్ అయినా మందులు, పరీక్షలు, రక్తం, రానూపోనూ బండి, దేనికీ పైసా కట్టక్కర్లేదు. గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుంది కూడా. ఆ గోడకు ఆనుకునే నేను మా చెల్లె కాన్పుకు ఎంతయిందో కూడి చూశాను. గోడ అబద్ధం చెప్పదు కాబట్టి, తప్పు నా కూడికలోనే ఉండాలి.

స్ట్రెచర్ తోసినాయనకు రెండొందలు. థియేటర్ బయటికి తువ్వాలలో చుట్టి బిడ్డను తెచ్చిన ఆయమ్మ, మా అమ్మ చేతులు చాచినా ఇవ్వకుండా కాసేపు తనే ఊపింది.

"మొగపిల్లగాడైతే వెయ్యి. ఆడపిల్లనే గదన్నా, ఐదొందలియ్యి సాలు."

గొంతులో నిజంగానే జాలి ఉంది. మచ్చపడ్డ మామిడిపండుకు రేటు తగ్గించే బండివాడి జాలి.

అవి కేసీఆర్ కిట్ రోజులు. బాబు పుడితే 12 వేలు, పాప పుడితే 13 వేలు విడతలవారీగా ఇస్తామన్నారు. అంటే సర్కారు దగ్గర వెయ్యి ఎక్కువ, ఆయమ్మ దగ్గర ఐదొందలు తక్కువ. ఆడపిల్ల వల్ల నికరంగా పదిహేను వందల లాభం. ఇదే మా చెల్లె అత్తగారికి విడమరిచి చెప్పాను. ఆమె మొహం విప్పారలేదు. అర్థశాస్త్రం అందరికీ ఎక్కదు.

ఆపరేషన్‌లో ఇంకో లాభం కూడా ఉంది. నార్మల్ అయితే మూడు రోజుల భోజనం, సిజేరియన్ అయితే ఏడు రోజులు. కడుపు కోసినందుకు నాలుగు రోజుల అన్నం అదనం! మంచం పక్కన చాప పరుచుకున్న మా అమ్మ ఆకలికి మాత్రం ఏ పథకంలోనూ పేరు లేదు. బయట హోటల్ ఇడ్లీ, బావ పోగొట్టుకున్న వారం రోజుల కూలి నేను కూడలేదు, ఉచితానికి మచ్చ తేవడం ఇష్టంలేక.

ప్రైవేటుకు పోతే ముహూర్తం కూడా దొరికేదన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ప్రైవేటు కాన్పుల్లో 81.5 శాతం సిజేరియన్లే, సర్కారులో 44.5. అక్కడి బిల్లుకు కనీసం రసీదు ఇస్తారు. అందుకే నా మనవి: ఆయమ్మ రేట్లు కూడా గోడ మీద రాయించండి. బేరమాడే టెన్షన్ తప్పుతుంది.

డిశ్చార్జి రోజు 102 బండి ఇంటిదాకా దింపింది. అదీ ఉచితమే. డ్రైవర్ చాయ్ పైసలు అడగబోయి, ఆగి, "బాబా, పాపా?" అన్నాడు.

పాప అన్నాం.

సగమే తీసుకున్నాడు.