ఒక చుక్కలో మండలం

ఎండోక్రినాలజిస్టు కావాలంటే ఎంబీబీఎస్, ఆపైన ఎండీ, ఆపైన డీఎం చదవాలట. ఇంత కాలయాపన ఎందుకో అర్థం కాదు. బెజవాడ స్టేడియంలో పొద్దున్నే నాలుగు రౌండ్లు నడిచి, చెమట ఆరేదాకా బెంచీ మీద కూర్చుంటే ఆ చదువు దానంతటదే అబ్బుతుంది. రిటైరైన బ్యాంకు మేనేజరు, ఇరిగేషన్ ఇంజినీరు, ఇద్దరు రియల్ ఎస్టేట్ పెద్దలు సభ్యులుగా ఉన్న మా బెంచీ ఈమధ్యే ఏకగ్రీవంగా తీర్మానించింది: థైరాయిడ్ అంటే అయోడిన్ లోపం, కనుక అయోడిన్ తాగాలి. గొంతు వాచిన గాయిటర్ బొమ్మతో సహా స్కూలు పుస్తకంలో ఉంది కదా!

కాలువలో నీళ్లు తగ్గితే బ్యారేజీ గేట్లెత్తాలి అన్నారు ఇంజినీరు గారు. కాదనలేం. గట్టు తెగిన కాలువకు కూడా గేట్లెత్తమంటారా అని ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఆ గట్టు తెగే జబ్బు గురించి 1912లో హషిమోటో అనే జపాన్ సర్జన్ రాశాడు, దానికి ఆయన పేరే ఉండిపోయింది. కారణం తర్వాతెప్పుడో తేలింది. ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథిని పరాయిదనుకుని దాని మీద పడుతుంది. రిపోర్టులో యాంటీ టీపీఓ అనే లైను చెప్పేది అదే. బెంచీ అంత కిందిదాకా చదవదు, గ్రంథి మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ దగ్గరే ఆగిపోతుంది. అయోడిన్ మరీ ఎక్కువైతే గ్రంథి హార్మోన్ తయారీ ఆపేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నదైతే కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. హషిమోటో పట్టినది చాలాసార్లు సర్దుకోలేదు.

ఇక మోతాదు. పెద్దవాళ్లకు రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. బెంచీ సిఫార్సు చేసే 5 శాతం లుగోల్ అనే అయోడిన్ ద్రావణం ఒక్క చుక్కలో సుమారు 6 మిల్లీగ్రాములుంటుంది. అంటే నలభై రోజుల సరుకు. ఇంద్రకీలాద్రి కింద భవానీలు మండలం పాటు దీక్ష చేస్తారు, మనవాళ్లు చుక్కకో మండలం చొప్పున రోజూ రెండు మండలాలు కాఫీకి ముందే ముగిస్తారు.

ఇంత త్యాగం చేసేది బెంచీ పెద్దలే అనుకునేరు. థైరాయిడ్ ఎక్కువగా వచ్చేది ఆడవాళ్లకు. తీర్మానాలు స్టేడియంలో, చుక్కలు వంటింట్లో. మేనేజరు గారి భార్యకు గొంతు దగ్గర వాపు, ఒళ్లంతా నీరసం. గ్లాసులో గోధుమరంగు నీళ్లు చూసి ఆవిడ ‘ఇదేంటండీ, టింక్చర్ వాసనొస్తోంది’ అంటే, ‘వాసన ఉంటేనే మందు’ అని ఆయన సెలవిచ్చారు.

అదే ఇంట్లో అయోడిన్ ఉప్పు మాత్రం నిషేధం. ‘థైరాయిడ్ వచ్చిందే ఆ ప్యాకెట్ ఉప్పు వల్ల’ అన్నది అంతకు ముందటి తీర్మానం, ఇంకా రద్దు కాలేదు. డబ్బాలో సైంధవ లవణం వచ్చి కూర్చుంది. కోడలికి అయిదో నెల. గర్భిణికి అయోడిన్ మామూలుకన్నా ఎక్కువ, రోజుకు 250 మైక్రోగ్రాములు, కావాలి. కడుపులో బిడ్డ మెదడు ఎదిగేది దాని మీదే. ఆ పిల్లకు అయోడిన్ కలపని సైంధవం, అత్తగారికి చుక్కల అభిషేకం! అయోడిన్ అక్కర్లేని వాళ్లకు పోసి, కావలసిన వాళ్లకు ఎగ్గొట్టడం ఎంత నైపుణ్యం ఉంటే సాధ్యం?

గ్రంథి చేయలేని హార్మోన్‌ను బయటి నుంచి ఇచ్చే థైరాక్సిన్ మాత్రను అత్తగారికి సూర్యారావుపేట డాక్టరు రాశారు. దాని మీద బెంచీకి అభ్యంతరాలున్నాయి. చవక, అందుకని నమ్మలేం. పైగా పరగడుపున వేసుకుని, అరగంట పైనే కాఫీ ముట్టకూడదట. బెజవాడలో జరిగే పనేనా?

మూడు నెలలకు మేనేజరు గారి భార్య టీఎస్‌హెచ్ రెట్టింపయింది. డాక్టరు చుక్కలు మాన్పించి మాత్ర డోసు పెంచారు. ‘విషం బయటికి పోతోంది, ఇంకో చుక్క కలపండి’ అని బెంచీ. వచ్చే సమావేశం ఎజెండాలో ఆడవాళ్ల అండాశయాల సమస్య పీసీఓడీ ఉంది. ఆడవాళ్లను పిలవాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.