గెంటివేతకు కోటు తొడిగితే

ఇంగ్లీషులో రిపెల్ అనే మాట ఒకటుంది. వెనక్కి తరమడం, తిప్పికొట్టడం అని అర్థం. పుట్టిల్లు లాటిన్. అక్కడ ‘పెల్లెరె’ అంటే గెంటడం, తోలడం. ముందు ‘రె’ తగిలిస్తే వెనక్కి గెంటడం. 15వ శతాబ్దానికే ఇంగ్లీషులో కాపురం పెట్టింది. ఇంతవరకు పరువైన చరిత్రే.

చిక్కల్లా చుట్టాలతోనే. బయటికి గెంటితే ఎక్స్‌పెల్. ముందుకు గెంటితే ప్రొపెల్. మందను ఒకచోటికి తోలినట్టు తోలితే కంపెల్. తలో దిక్కుకూ చెదరగొడితే డిస్పెల్. ఆఖరికి డాక్టరు మణికట్టు పట్టుకుని చూసే పల్స్ కూడా ఈ ఇంటి బిడ్డే. అంటే ఒంట్లో గెంటుడు ఆగిందా, మనిషి పోయినట్టే!

వీళ్లలో పేదబంధువు పుష్. ఫ్రెంచి మీదుగా వచ్చిన మనవడు. వంశం అదే అయినా కోటు లేదు కాబట్టి తలుపుల మీద అతుక్కుని బతుకుతున్నాడు. ఆఫీసు ఉత్తరాల్లోకి రానివ్వరు. ‘మిమ్మల్ని గెంటేస్తున్నాం’ అని ఏ సంస్థా రాయదు. ఎక్స్‌పెల్ చేయడమైనదని రాస్తుంది. గెంటించుకున్నవాడు కూడా అంతే మర్యాదస్తుడు. పరిస్థితులు కంపెల్ చేశాయి, తప్పుకున్నానంటాడు. మెడమీద చెయ్యి ఎవరిదో ఇద్దరూ చెప్పరు.

దోమల సంగతి వేరు. 1946లో అమెరికా సైన్యం డీట్ అనే రిపెల్లెంట్‌ను తయారు చేయించింది. అది దోమను చంపదు, మనమీద వాలకుండా చేస్తుంది. అంటే మనం ఒళ్లంతా పూసుకుని దోమకు రోత పుట్టించి, దాన్ని తరిమేశామని చెప్పుకుంటాం. ఇదే పని మనుషుల మధ్య చేస్తే రిపల్సివ్ అంటారు. అదీ ఆ వంశంలోదే.

ఇక యుద్ధాల్లో ఈ మాటకున్న గిరాకీ చెప్పనలవి కాదు. ‘శత్రువు దాడిని తిప్పికొట్టాం’ అని ఒక సైన్యం ప్రకటిస్తుంది. అదే రోజు, అదే వాగు గురించి, అవతలి సైన్యమూ అదే ప్రకటిస్తుంది. మరి దాడి చేసిందెవరు? అడగకూడదు. రెండూ నిజమే అయ్యుండవచ్చు. కూలంబ్ అనే ఫ్రెంచి పెద్దమనిషి 1785లోనే లెక్కగట్టాడు: సజాతి ఆవేశాలు ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి, దూరం సగమైతే ఆ బలం నాలుగింతలవుతుంది.

ఆయన చెప్పింది విద్యుత్తు గురించేనట.