రెండో పగ్గానికి అంత తొందరేంటి?

రైడింగ్ వచ్చిన ప్రతివాళ్లకీ ఈమధ్య లాంగ్ రీనింగ్ మోజు పట్టింది. మంచిదే. గుర్రం ఎక్కకుండా, కాస్త వెనకగా నడుస్తూ, రెండు పొడుగాటి పగ్గాలతో తోలడం అన్నమాట. జట్కాకి కొత్త గుర్రాన్ని అలవాటు చేసేటప్పుడు ముందు చేసేదీ ఇదే, బండి ఒక్కటే తక్కువ. మూడేళ్ల గుర్రప్పిల్లకి వీపు మీద మనిషి బరువు పడకముందే నడవడం, ఆగడం, తిరగడం వచ్చేస్తాయి. ఇంత మంచి పనిని పగ్గాలు కొరియర్‌లో వచ్చిన సాయంత్రమే మొదలెట్టి గుర్రాన్ని బెదరగొట్టేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

చిక్కంతా బయటి పగ్గంతోనే. గుండ్రంగా తిప్పేటప్పుడు లోపలిది నోటి దగ్గర్నుంచి మన చేతికొస్తుంది, దాంతో పేచీ లేదు. బయటిది అవతలి పక్కగా వెళ్లి, వెనక తొడల్ని చుట్టుకుని వస్తుంది. గుర్రానికి సరిగ్గా తోక వెనకాల ఏముందో కనపడదు. కనపడని చోట ఏదో కాళ్లకి రాసుకుంటే అది ఆలోచించదు, తన్నేస్తుంది, లేదా పరుగందుకుంటుంది. బరాత్‌లో బ్యాండుకీ టపాకాయలకీ చలించని గుర్రం కూడా ఇక్కడ ఎగిరి పడొచ్చు. చప్పుడు అలవాటు వేరు, కాలికి తాడు అలవాటు వేరు.

అందుకని ముందు తాడు పని. ఒకరు తల దగ్గర పట్టుకుని నిలబడాలి. గోడకో చెట్టుకో కట్టేసి చేయొద్దు, బెదిరి వెనక్కి గుంజితే మెడకి దెబ్బ. రెండోవాళ్లు భుజం పక్కనే నిలబడి, మెత్తటి నూలు తాడుని వీపు మీద, తర్వాత పిర్రల మీద, ఆపైన తొడల చుట్టూ మెల్లగా జార్చాలి. తోక బిగించి ఒక కాలు ఎత్తిందా, తాడు లాగేసుకోవద్దు. లాగేసుకుంటే కాలెత్తితే తాడు పోతుందని నేర్చేసుకుంటుంది. అక్కడే ఉంచి, కాలు దించి మెడ వదులు చేశాక తీయాలి. రెండో పక్కా ఇదంతా మళ్లీ మొదట్నుంచి, ఎందుకంటే ఎడమవైపు ఒప్పుకున్నది కుడివైపు కొత్తగా బెదరడం మామూలే. రోజుకి పావుగంట చొప్పున వారం పట్టినా పట్టనివ్వండి. ఈలోగా ఒంటి తాడు మీద తిరుగుతూ మాటకి నడవడం, మాటకి ఆగడం వచ్చి ఉండాలి. మాటకి ఆగనిది పగ్గానికి ఆగుతుందా?

పగ్గం ఒక్కోటి 7 నుంచి 8 మీటర్లు, నూలుదైతే మేలు. నైలాన్ జారితే అరచెయ్యి కాలిపోతుంది. గ్లవ్స్, హెల్మెట్ ఎలాగూ తప్పవు. రోలర్, అంటే పగ్గాలు పోనిచ్చే రింగులున్న నడుం పట్టీ, లేకపోతే జీను చాలు: రికాబులు దించి, పొట్ట కింద నుంచి పట్టీతో రెండిటినీ కలిపి కడితే ఊగవు, పగ్గాలు వాటిలోంచి పోతాయి. నోట్లో స్నాఫిల్ అనే మామూలు సాదా కళ్లెం చాలు. ముళ్ల కళ్లెం మాట ఎత్తకండి, 1965 నాటి కేంద్ర నిబంధనల్లోనే దాన్ని నిషేధించారు, ఇంకా వాడేవాళ్లున్నారు! పగ్గాల చివర్లు రెండూ బకిల్‌తో కలపొద్దు, మన కాలు అందులో ఇరుక్కుంటే ఈడ్చుకుపోతుంది. చేతికి చుట్టుకోవడం అంతకన్నా ప్రమాదం. మడతలుగా వేసి పట్టుకోవాలి.

మొదటి రోజు కంచె ఉన్న చోటే, తల దగ్గర మనిషి ఉండగానే. లోపలి పగ్గాన్ని రికాబులోంచి పోనీకుండా నేరుగా చేతికి తెచ్చుకుంటే ఎటు తిరగాలో గుర్రానికి తేలిగ్గా అర్థమవుతుంది. తోకకి సూటిగా వెనక కాకుండా లోపలి పక్కకి, కనీసం 3 మీటర్ల దూరంలో నడవండి. బయటి పగ్గం వెనక మోకీలు కంటే బెత్తెడు పైన ఉండాలి. అంత పొడుగు పగ్గం బరువే నోటి మీద పడుతుంది కాబట్టి లాగక్కర్లేదు, వేళ్లు ముడిస్తే చాలు. అందరూ చేసే తప్పు తిరిగేటప్పుడు: లోపలిది లాగుతారు, బయటిది వదలరు. అటు రమ్మని ఇటు ఆపితే పాపం ఏం చేస్తుంది? తల ఎత్తేసి నిలబడిపోతుంది, లేదా వెనక్కి నడుస్తుంది. అప్పుడు మొండిదని కొరడా తీస్తారు. లోపల ఎంత తీసుకుంటే బయట అంత వదలాలి.

పగ్గం తోక కింద దూరితే తోక బిగించేస్తుంది. గుంజకుండా వదులు చేసి, ఆపి, మనిషి వెళ్లి తీయాలి. పరుగందుకుంటే బయటి పగ్గం వదిలేసి, లోపలిదాంతో చిన్న గుండ్రంలోకి తెచ్చుకోవాలి. అదీ ఆగకపోతే రెండూ వదిలేయండి, కంచె ఉన్నది అందుకే.

పది నిమిషాలు నడిపించి ఆపేయండి. ట్రాట్ (నడక కంటే వేగంగా, దుడుకుగా పోవడం) సంగతి అప్పుడే అడక్కండి. నడకలో ఎనిమిది అంకె, ఎక్కడా పగ్గం బిగుసుకోకుండా, రెండు వైపులా తిప్పగలిగాక అడగండి.