బాబాయ్ పంపిన ఎలక్ట్రిక్ కారు ఫార్వర్డ్‌కి నా జవాబు

పోయిన వారం మా బాబాయ్ ఒక వాట్సాప్ మెసేజ్ పంపి, అది నేను చదివేలోపే ఫోన్ చేశాడు. "ఏరా, చూశావా? ఆ కారు అమ్మేసెయ్." మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: ఎలక్ట్రిక్ కారు ఇంకా ప్రయోగాల్లో ఉన్న కొత్త సరుకు, బ్యాటరీ మూడేళ్లకే పోతుంది, మన ఎండలకు పేలుతుంది, ట్రాఫిక్‌లో ఏసీ వేస్తే బండి ఆగిపోతుంది, హైదరాబాద్ వెళ్లలేం, పైగా కరెంటు బొగ్గుదే కాబట్టి పర్యావరణానికి లాభం సున్నా.

నాకు ఇల్లు విజయవాడలో, ఉద్యోగం గుంటూరులో. రోజూ డెబ్బై కిలోమీటర్లు ఆ కారులోనే తిరుగుతాను కాబట్టి జవాబు చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను.

"కొత్త సరుకు." 1899లోనే ఒక ఎలక్ట్రిక్ కారు ఫ్రాన్స్‌లో గంటకు వంద కిలోమీటర్ల వేగం దాటింది. కారన్నది ఏదైనా సరే, ఆ వేగం అందుకోవడం అదే మొదలు. ఫోర్డ్ చవక కార్లు, 1912లో వచ్చిన సెల్ఫ్ స్టార్టర్ కలిసి పెట్రోలును గెలిపించాయి. అప్పటిదాకా ఇంజన్‌కు హ్యాండిల్ తిప్పలేనివాళ్లు బ్యాటరీ కారే కొనేవారు.

"బ్యాటరీ మూడేళ్లే." ఈ లెక్క ఎక్కడిదో ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటూ మూడు నాలుగేళ్లు లాగే సీసపు బ్యాటరీ అది. 2001లో బెంగళూరు నుంచి వచ్చిన రేవా కారులోనూ అవే ఉండేవి. అప్పటికి ఆ మాట నిజమే. ఇప్పటి కార్లలో ఉండేది లిథియం అయాన్. 1991లో సోనీ మొదటిసారి మార్కెట్లోకి తెచ్చిన ఈ రకం బ్యాటరీకి బాటలు వేసిన ముగ్గురికి 2019లో నోబెల్ కూడా వచ్చింది. 2020లో టాటా వాళ్ల ఎలక్ట్రిక్ కారు నెక్సాన్ ఈవీ వచ్చినప్పుడు బ్యాటరీకి ఇచ్చిన వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. మూడేళ్లకే పోయేదానికి ఎనిమిదేళ్లు రాసిచ్చే కంపెనీ ఎన్నాళ్లు బతుకుతుంది? వారంటీ దాటాక బ్యాటరీ ప్యాక్ మొత్తం మార్చాల్సి వస్తే మాత్రం బిల్లు లక్షల్లోనే ఉంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు చూడాల్సింది అదే.

"ఎండకు పేలుతుంది." ఇది కొట్టిపారేయలేను. 2022 ఏప్రిల్‌లో మన విజయవాడలోనే, ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి మనిషి చనిపోయాడు. అలాంటి ప్రమాదాల తర్వాతే ఆ ఏడాది బ్యాటరీ భద్రత నిబంధనలు బిగించారు. కానీ పడగ్గదిలో పెట్టే స్కూటర్ బ్యాటరీ వేరు, ద్రవం తిప్పి చల్లబరిచే లిక్విడ్ కూలింగ్ ఉన్న కారు ప్యాక్ వేరు. కారు విషయంలో ఎండ చేసే అసలు నష్టం బ్యాటరీ త్వరగా ముసలిదవడం. గాలి తప్ప వేరే కూలింగ్ లేని మొదటి తరం నిస్సాన్ లీఫ్ కార్లు అమెరికాలోని అరిజోనా ఎండలకు అలాగే దెబ్బతిన్నాయి. మే నెలలో నేను మామూలు రోజుల్లో ఎనభై శాతం దగ్గరే చార్జింగ్ ఆపేస్తాను, నీడ వెతుక్కుని పార్క్ చేస్తాను. అంతకుమించి పెద్ద టెన్షన్ లేదు.

"ట్రాఫిక్‌లో ఏసీ." సంక్రాంతికి హైదరాబాద్ దారిలో పంతంగి టోల్ దగ్గర ఇరుక్కున్నామనే అనుకుందాం. బండి కదలకపోతే మోటారు కరెంటు తినదు. ఏసీ గంటకు సుమారు ఒకటి, ఒకటిన్నర యూనిట్లు తింటుంది. ముప్పై యూనిట్ల బ్యాటరీలో సగమే మిగిలినా పది గంటలు చల్లగా కూర్చోవచ్చు. పది గంటలైతే మనిషికే ఓపిక ఉండదు.

"హైదరాబాద్ వెళ్లలేం." 275 కిలోమీటర్లు. ఎలాగూ అందరూ సూర్యాపేటలో టిఫిన్‌కి ఆగుతారు, నేనూ అక్కడే చార్జింగ్ పెడతాను. ఒకసారి ఆ చార్జర్ పాడైపోయి ఉంది. దగ్గర్లోని ఇంకోదానికి వెళ్తే ముందు రెండు బళ్లు. ఇంట్లో నాకు పడ్డ చివాట్లు ఇక్కడ రాయను. వెళ్లగలం, కాకపోతే రెండో చార్జర్ ఎక్కడుందో ముందే చూసుకోవాలి.

"బొగ్గు కరెంటే." ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు కనిపించే ఊళ్లో ఉండి కాదనను. అయితే పెట్రోల్ ఇంజన్ ఇంధనంలో దాదాపు నాలుగింట మూడొంతులు వేడిగా పారబోస్తుంది, మోటారు అలా చేయదు. బొగ్గు కరెంటుతో లాభం తక్కువే, సున్నా మాత్రం కాదు.

జేబు లెక్క ఆ మెసేజ్‌లో లేనే లేదు. యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు వస్తుంది. పై శ్లాబు అని యూనిట్ పది రూపాయలు వేసుకున్నా, చార్జింగ్ నష్టంతో కలిపి నా డెబ్బై కిలోమీటర్లకు 120. లీటరుకు పదిహేను ఇచ్చే పెట్రోల్ కారైతే అయిదొందలు.

అసలు ఇబ్బంది కూడా ఆ మెసేజ్‌లో లేదు. అపార్ట్‌మెంట్లో పార్కింగ్ దాకా నా మీటర్ నుంచి వైరు లాగి, ఎర్తింగ్ సరిచేసి, 15 యాంప్స్ సాకెట్ పెట్టించడానికి అసోసియేషన్‌తో నాలుగు నెలలు పట్టింది. అప్పుడు అందరికంటే గట్టిగా అడ్డుపడ్డాయన ఇప్పుడు ఎలక్ట్రిక్ కారు బుక్ చేశారు. నా సాకెట్ వాడుకోవచ్చా అని అడుగుతున్నారు.