గీత సున్నా మీద ఉంటే మోడల్ పాసైనట్టేనా?

డేటా నేర్చుకునేవాళ్ల మధ్య తెగ తిరిగే సలహా ఒకటుంది: "కోవేరియేట్ వారీగా రెసిడ్యువల్స్‌కి బాక్స్ ప్లాట్లు గీయండి. మధ్య గీతలు సున్నా దగ్గరుంటే మోడల్ ఓకే. మీసాలు దాటిన చుక్కలు అవుట్‌లయర్లు, తీసిపారేయండి." కోవేరియేట్ అంటే ఫలితాన్ని మారుస్తుందని మనం అనుకునే అంశం. రెసిడ్యువల్ అంటే అసలు విలువలోంచి మోడల్ అంచనా తీసేస్తే మిగిలేది. బాక్స్ ప్లాట్లో బాక్సు మధ్య సగం విలువల్ని చూపిస్తుంది, మీసాలు దాని నుంచి బయటికి సాగే గీతలు, అవుట్‌లయర్లు మిగతావాటికి దూరంగా పడే విలువలు. గీయమనడం వరకు బాగానే ఉంది. తర్వాతి రెండు మాటలతోనే నాకు పేచీ.

గణాంకాలకు వాడే ఆర్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే ఇన్‌సెక్ట్‌స్ప్రేస్ డేటా చూడండి. ఆరు పురుగుమందులు, ఒక్కోదానికి 12 చోట్ల లెక్కపెట్టిన పురుగుల సంఖ్యలు. మందునే కోవేరియేట్‌గా పెట్టి మామూలు లీనియర్ మోడల్ వేద్దాం. ఇక్కడ అది ఒక్కో మందుకి ఆ మందు సగటునే అంచనాగా ఇస్తుంది.

"గీతలు సున్నా దగ్గరుంటే ఓకే." మందు మోడల్లో ఉన్నాక, ప్రతి మందు రెసిడ్యువల్స్ సగటూ సున్నా అయి తీరుతుంది. మోడల్ మంచిదైనా చెడ్డదైనా అంతే, లెక్క చేసే పద్ధతే అలాంటిది. పైగా బాక్సులో గీత సగటు కాదు, మీడియన్, అంటే విలువల్ని వరుసలో పెడితే నడిమిది. ఎఫ్ మందుకి సగటు సున్నాయే, గీత మాత్రం -1.67 దగ్గర ఉంటుంది. చూడాల్సింది బాక్సు ఎత్తు, ఎందుకంటే అన్ని మందులకీ చెదురు ఒకేలా ఉంటుందని ఈ మోడల్ అనుకుంటుంది. సి మందు రెసిడ్యువల్స్ -2.1 నుంచి 4.9 దాకా ఉంటే, ఎఫ్‌వి -7.7 నుంచి 9.3 దాకా పోయాయి. వేరియన్సులు (చెదురు కొలతలు) 3.9, 38.6. దాదాపు పదింతల తేడా! పురుగులు ఎక్కువున్న చోట చెదురూ ఎక్కువే, లెక్కపెట్టిన సంఖ్యల్లో ఇది మామూలు. వర్గమూలం తీసుకుని మోడల్ వేస్తే బాక్సులు చాలావరకు సర్దుకుంటాయి. లెక్కపెట్టిన సంఖ్యలకు వాడే పాయిసాన్ మోడల్ ఇంకో దారి.

"చుక్కలు తీసేయండి." ఇక్కడ చుక్కలు రెండే: సి మందులో 7 పురుగులు, డి మందులో 12. వాటి రెసిడ్యువల్స్ 4.9, 7.1. మొత్తం డేటాలో అతి పెద్ద రెసిడ్యువల్ 9.3, ఎఫ్‌లో 26 పురుగులు దొరికిన రెండు చోట్లది. దానికి చుక్కే పడదు! ఎందుకంటే చుక్క పడే హద్దు బాక్సు అంచు నుంచి ఆ బాక్సు ఎత్తుకే ఒకటిన్నర రెట్లు, ఎఫ్ బాక్సేమో బాగా పొడుగు. అంటే సలహా పాటించినవాడు చిన్నవాటిని పీకేసి పెద్దదాన్ని వదిలేస్తాడు. అసలు ఏ లోపం లేని నార్మల్ (గంట ఆకారంలో పరుచుకునే) డేటాలోనూ వెయ్యికి ఏడు చుక్కల దాకా పడతాయి.

గీతల స్థానం నిజంగా పనికొచ్చేది మోడల్లో పెట్టని కోవేరియేట్‌కి. మందును వదిలేసి ఒకే సగటుతో మోడల్ వేసి చూడండి: ఎ, బి, ఎఫ్ గీతలు సున్నాకి పైన, సి, డి, ఇ గీతలు కింద తేలతాయి. మనిషి ఎత్తు, వయసులాంటి అంకెల కోవేరియేట్‌నైతే రెండు ముక్కలు చేసి బాక్సులు గీయకండి. మధ్యలో వంగిన వంపు రెండు ముక్కల్లోనూ సమంగా కలిసిపోయి కనపడకుండా పోతుంది, అక్కడ ఒక్కో విలువకీ ఒక్కో చుక్క పెట్టే మామూలు చుక్కల ప్లాటే (స్కాటర్ ప్లాట్) మేలు.