ఆ 'ఒక్కసారి' అడగొద్దు

కిరీటం పెట్టెలో పెట్టి తాళం వేశాననీ, ఇక ముఖానికి రంగు పూసుకోననీ పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కట్టే ఆ పెద్దాయన చెప్పి నెల తిరగలేదు. అప్పుడే కూడళ్లలో ఆయన నిలువెత్తు బొమ్మతో ఫ్లెక్సీలు లేచాయి. 'అభిమానుల కోరిక మేరకు ఒక్కసారి' అని వాటి మీద రాత. ఆయన్ని అడిగినవారు లేరు, ఆయన ఒప్పుకున్నదీ లేదు. అయినా జాతర కమిటీ చందా పుస్తకాలు అచ్చు వేయించింది. మైకు కట్టిన ఆటో ఊరూరా తిరుగుతోంది. మూడు రోజుల కిందట ఆయన ఇంటి ముందు షామియానా కూడా వేసి, ఒప్పుకునేదాకా కదలబోమని కూర్చున్నారు. దీన్ని అభిమానం అనడానికి మాకు నోరు రావడం లేదు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఇక తన పేరు పేపర్లో పడకుండా చూడమని ఆయనే కోరారు. రావులపాలెం నుంచి నరసాపురం దాకా పద్యనాటకం ఎరిగిన ఇళ్లలో పేరు చెప్పాల్సిన అవసరమూ లేదు. 'మన కృష్ణుడు' అంటే చాలు.

డెబ్బై దాటిన మనిషి. గొంతు బొంగురుపోతోందని, మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, పద్యం మధ్యలో మాట జారిపోతే తన పరువుతోపాటు నాటకం పరువూ పోతుందని ఆయన స్పష్టంగా చెప్పారు. అంతకంటే కారణం ఏం కావాలి? అసలు కారణం చెప్పాల్సిన అవసరమే ఆయనకు లేదు. చాలనిపించిన రోజున చాలు అనుకునే హక్కు ఆయనది.

రంగస్థలం మీద పద్యం పాడటమంటే ఏమిటో ముందు వరస కుర్చీల్లో కూర్చునేవారికి తెలిసినట్టు లేదు. హార్మోనియం పై శ్రుతిలో పలుకుతుంటే దానికి తగ్గకుండా గొంతెత్తాలి. నాలుగు పాదాలూ అర్థం చెడకుండా విప్పి చెప్పాలి. చివర్లో రాగం అందుకుని, జనం ఈలలు ఆగేదాకా ఊపిరి నిలపాలి. అంతా అయ్యాక వెనక నుంచి ఎవరో 'వన్స్‌మోర్' అని అరుస్తారు. మళ్లీ అదే పద్యం, అదే రాగం. రాయబారం నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ ఒకే పాత్రను పంచుకునే ఆనవాయితీ మనకుంది. ఆ బరువు ఎంతో ఆ ఆనవాయితీయే చెబుతుంది. తల మీద కిరీటం, భుజకీర్తులు, పట్టు బట్టలు, పైనుంచి లైట్ల వేడి. రాత్రి పది దాటాక తెర లేస్తే కోడి కూసేదాకా దిగడానికి లేదు. ఇంత చేసి, పొద్దున్నే బస్సెక్కి మర్నాటి ఊరికి. ఆయన ఈ పని ఒకటి రెండేళ్లు కాదు, తన యవ్వనం, నడివయసు మొత్తం చేశారు. కృష్ణుడు నిద్ర నటించే పడకసీనులో ఆయన కళ్లు తెరిచిన క్షణాన పందిరంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోవడం మా డెస్కులో సగం మంది చిన్నప్పుడు చాప మీద కూర్చుని చూసినవాళ్లమే. ఆయన ఆపేశారని తెలిసి మాకూ బాధగా ఉంది. ఆ బాధ మాది. దాన్ని తీర్చే బాధ్యత ఆయనది కాదు.

ఈ గొడవంతటి మధ్య ఒక్క మనిషి మాత్రం చేయవలసిన పని చేశాడు. కాలవ లాకుల దగ్గర పనిచేసి రిటైరైన ఒక అభిమాని. కుర్రతనంలో సైకిలు మీద భీమవరం, పాలకొల్లు, అమలాపురం తిరిగి ఆయన నాటకం వదలకుండా చూసినవాడు. ఆయన ఆపేశారని తెలిసిన వారానికి చక్కెరకేళి గెల, ఒక పంచెల చాపు పట్టుకుని ఇంటికి వెళ్లాడు. అరుగు మీద గంటసేపు కూర్చున్నాడు. వానల గురించి, మనవల చదువుల గురించి మాట్లాడుకున్నారు. ఒక్క పద్యం పాడమని అడగలేదు. బట్టలు చేతికిచ్చి, కాళ్లకు దండం పెట్టుకుని వచ్చేశాడు. ఎందుకు అడగలేదని మా విలేకరి అడిగితే ఆ అభిమాని చెప్పిన మాట ఇది: "నేను రిటైరైన్నాడు ఇంకొక్కసారి లాకు తలుపులెత్తి పోవయ్యా అని నన్నెవరైనా అడిగారేటండీ? ఆయన్ని మాత్రం ఎందుకడగాలండీ?"

ఈ ప్రశ్నకు షామియానా కింద కూర్చున్నవారి దగ్గర జవాబు ఉందా? ఈ రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగి పదవీ విరమణ వయసు 58 నుంచి 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. ఒక్కో ఏడాది మీద ఎన్ని చర్చలు, ఎన్ని వినతులు! ఆ కమిటీలో ఉన్న రిటైర్డు మాస్టార్లు, రిటైర్డు గుమస్తాలు శాలువా కప్పించుకుని, గ్రాట్యుటీ తీసుకుని, హాయిగా ఇంట్లో ఉన్నారు. గ్రాట్యుటీ లేని, సెలవు లేని, నాటకం లేని రోజున కూలి కూడా లేని కళాకారుడు మాత్రం విరమించుకోకూడదట!

'ఒక్కసారే కదా' అంటున్నారు. మా భయమంతా ఆ మాట మీదే. మన ఊళ్ల సంగతి మనకు తెలియదా? తీర్థంలో ఊరేగించే పక్క ఊరి ప్రభ కంటే మన ప్రభ మూరెడు ఎత్తు ఉండాలని పంతం పట్టే సీమ ఇది. ఈ జాతరలో ఆయన ఒక్కసారి వేషం కడితే, మాఘమాసం తీర్థానికి ఇంకో ఊరు వస్తుంది. 'ఆ ఊరికి వెళ్లారు, మా ఊరు ఏం పాపం చేసింది' అంటుంది. శివరాత్రికి మరొకరు. ఉగాదికి ఇంకొకరు. ప్రతి ఒక్కరిదీ ఒక్కసారే. ఆ లెక్కన ఆయన గొంతు పోయేదాకా, కాదంటే ప్రాణం పోయేదాకా ఈ ఒక్కసారికి అంతుండదు. రేపు మరో నటుడు, మరో హరిదాసు, మరో సన్నాయి విద్వాంసుడు చాలు అనుకున్నప్పుడు ఈ షామియానా వాళ్ల గుమ్మాల ముందుకూ వస్తుంది. ఇంటి ముందు కూర్చుంటే ఒప్పుకుంటారని ఒకసారి రుజువైతే డెల్టాలో ఏ కళాకారుడూ పరువుగా వేదిక దిగలేడు.

సినీ నేపథ్య గాయని ఎస్. జానకి సంగతి చూడండి. పక్కనున్న కృష్ణా డెల్టాలో, రేపల్లె ప్రాంతంలో పుట్టిన ఆమె 1957లో సినిమా పాట మొదలుపెట్టి, 78వ ఏట, 2016లో ఇక చాలన్నారు. 2017 అక్టోబరులో మైసూరు కచేరీలో వేదికకూ సెలవు చెప్పారు. గొంతు మనల్ని వదలకముందే మనం వదలడం ఎంత కష్టమో పాడేవారికే తెలుసు. ఇంకా వెనక్కి వెళితే, చిలకమర్తి వారి నాటకాల్లో ఆడవేషాలు కట్టిన టంగుటూరి ప్రకాశం రంగు తుడుచుకుని ప్లీడరు అయ్యాడు. రంగం మీదే ఉండిపొమ్మని రాజమహేంద్రవరం ఆయన్ని కట్టేసి ఉంచి ఉంటే ఏమయ్యేది?

పద్యనాటకం కొడిగడుతోందనీ, ఇలాంటి పెద్దలు కూడా తప్పుకుంటే రేపటి పిల్లలకు చూపించడానికి ఏమీ మిగలదనీ కమిటీ వాదన. ఆ బెంగ నిజమే. ఆ బెంగ వీరికి ఉందంటే మాత్రం మేం నమ్మం.

2020, 2021లో కరోనాతో జాతరలు ఆగిపోయాయి. పద్యనాటక కళాకారులు వేషాల పెట్టెలు అటక మీద పెట్టి కూలి పనులకు పోయిన రోజులవి. కళ మీద ఇంత ప్రేమ ఉన్న కమిటీలు అప్పుడు ఎవరి ఇంటికి బియ్యం బస్తా పంపాయి? జాతరలు తిరిగి మొదలయ్యాక ఎన్ని రాత్రులు నాటకానికి, ఎన్ని రాత్రులు డీజేకి, రికార్డింగ్ డాన్సుకి కేటాయించారు? ఈ పెద్దాయన దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకుని రెండో కృష్ణుడు వేస్తున్న శిష్యుడు ఉన్నాడు. మంచి గొంతు, మంచి వాచకం. ఫ్లెక్సీ మీద అతని బొమ్మ ఏది? అతన్ని పిలిస్తే చందాలు రాలవని కదా! కళ బతకాలంటే ఆ కుర్రాడికి రాత్రి ఇవ్వాలి, ముసలాయన్ని మంచం మీద నుంచి లేపడం కాదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. అదే నాటకంలో ద్రౌపది వేసిన ఆవిడ సంగతి ఎవరికైనా గుర్తుందా? వయసు మీద పడిందని ఆవిడను పిలవడం మానేసి ఏళ్లయింది. ఆవిడ సెలవు చెప్పలేదు, మనమే చెప్పాం. ఇంకొక్కసారి అని ఆవిడ గుమ్మం ముందు ఎవరూ షామియానా వేయలేదు. దిగాలనుకున్న మగవాణ్ణి దిగనివ్వం, ఉండాలనుకున్న ఆడమనిషిని ఉండనివ్వం. రెండు చోట్లా వాళ్ల ఇష్టంతో మనకు పనిలేదు.

మా తప్పు కూడా ఇందులో ఉంది. కిందటి వారం మా జిల్లా పేజీలో 'మళ్లీ వేషం కడతారా?' అని శీర్షిక పెట్టాం. ఆయన స్పష్టంగా చెప్పిన మాటకు ప్రశ్నార్థకం తగిలించడం పొరపాటు. ఆ పొరపాటు ఫ్లెక్సీల వాళ్లకు ఊతమిచ్చింది. ఆయనకు క్షమాపణ చెబుతున్నాం.

కమిటీ పెద్దలకు చెప్పాల్సింది ఇక సూటిగానే చెబుతాం. ఒప్పుకోని మనిషి బొమ్మ వేసి చందా వసూలు చేయడం మోసం. దానికి భక్తి రంగు, కళ రంగు పూయకండి. తీసుకున్న డబ్బు ఇచ్చినవారికి తిరిగివ్వండి. ఆ రాత్రి నాటకం వేయాలనుంటే ఆయన శిష్యుడి ఇంటికి తాంబూలం పట్టుకెళ్లండి. ఫ్లెక్సీలు ఈ పొద్దే దించండి. ఆ షామియానా ముందు తీయించండి. పొద్దున్నే ఆయన కాలవ గట్టు మీద నడకకు వెళ్లే దారి అదొక్కటే, మూడు రోజులుగా ఆయన గడప దాటలేదు.